ముందు పడటం నేర్చుకోండి: విశాఖలో నింజుట్సు మొదలుపెట్టేవారి కోసం

జపాను నింజాల విద్య నింజుట్సు నేర్చుకుందామని వచ్చే కుర్రవాళ్ళు మొదటిరోజు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: కత్తి ఎప్పుడు పట్టుకోనిస్తారు? నేనూ అదే అడిగాను. మా మాస్టారు జవాబు చెప్పకుండా చాప మీద ఒకసారి పడి చూపించమన్నారు. పడ్డాను. ముందు కుడి మోచేయి తగిలింది, తర్వాత నడుము, ఆ తర్వాత తల. “ఈ మూడూ నేలకు కొట్టుకోకుండా పడటం వచ్చిన రోజున కత్తి సంగతి మాట్లాడుకుందాం బాబూ” అన్నారాయన. ఆ మాటన్న రోజుకూ నా చేతికి చెక్క కత్తి వచ్చిన రోజుకూ మధ్య 14 నెలలు గడిచాయి.

ఇక్కడ రాస్తున్నదంతా ఆ 14 నెలల్లో చేయవలసిన పని గురించే. నేను ఈ విద్యలో పెద్దవాణ్ణి కాను. ఆరేళ్ళుగా సాధన చేస్తున్న విద్యార్థిని మాత్రమే. అయితే కొత్తగా చేరినవారికి తొలి పాఠాలు చూపించే పని నాలుగేళ్ళుగా నా మీద ఉంది కాబట్టి, వారు ఎక్కడ తడబడతారో, ఎక్కడ దెబ్బ తగిలించుకుంటారో, ఏ నెలలో విసిగి మానేస్తారో దగ్గర నుంచి చూశాను. నా అభిప్రాయంలో మొదటి ఏడాది నేర్వవలసినవి మూడే: పడటం, నిలబడటం, నడవటం. ఈ మూడూ కుదిరినవారికి మిగిలినది నేర్పడం గురువుకు కష్టం కాదు, కుదరనివారికి ఎన్ని పట్లు చూపించినా అవి ఒంటికి పట్టవు.

ఈ విద్య ఏమిటి, ఏది కాదు

జపాను లిపిలో ‘నిన్’ అనే అక్షరంలో పైన కత్తి అంచు, కింద గుండె గుర్తులు ఉంటాయి. దానికి ఓర్చుకోవడమనీ, దాగి ఉండటమనీ రెండు అర్థాలు చెబుతారు. ‘జుట్సు’ అంటే నేర్పు. పాత రాతల్లో ఈ పని చేసేవారికి ‘షినొబి’ అనే పేరే ఎక్కువగా కనిపిస్తుంది. ‘నింజా’ అన్న ఉచ్చారణ జనం నోళ్ళలో నానింది 20వ శతాబ్దంలోనే. ఇప్పటి మియె రాష్ట్రంలో ఉన్న ఇగా, షిగా రాష్ట్రంలో ఉన్న కోకా ప్రాంతాలు వీరికి పుట్టిళ్ళు. 15, 16 శతాబ్దాల అంతర్యుద్ధాల కాలంలో వీరు ప్రభువులకు చేసిపెట్టిన పని ప్రధానంగా వార్త తేవడం, కోటలోకి చొరబడటం, అవసరమైతే నిప్పు పెట్టి గందరగోళం సృష్టించడం. 1581లో అప్పటి బలమైన ప్రభువు ఓడా నొబునగా పెద్ద సైన్యంతో ఇగా మీద పడి ఆ ప్రాంతాన్ని ధ్వంసం చేశాడు. యుద్ధాలు సద్దుమణిగిన తరువాత, 1676లో ‘బన్‌సెన్‌షూకాయ్’, 1681లో ‘షోనిన్‌కి’ అనే గ్రంథాలు ఈ విద్యను కాగితం మీద పెట్టాయి. వాటిని తిరగేసినవారికి మొదట తగిలే ఆశ్చర్యం, వాటిలో ముష్టియుద్ధానికి దొరికే చోటు చాలా తక్కువ కావడమే. వేషం మార్చడం, ఎదుటివాడి స్వభావం కనిపెట్టడం, వాతావరణం అంచనా కట్టడం, నిప్పును వాడటం వంటి విషయాలకే పెద్దపీట.

ఈనాడు ప్రపంచంలో నింజుట్సు పేరుతో నేర్పుతున్న దానిలో పెద్ద భాగం తకమత్సు తొషిత్సుగు (1889–1972) దగ్గర నుంచి ఆయన శిష్యుడు హత్సుమి మసాకికి అంది, ఆయన నెలకొల్పిన బుజిన్‌కాన్ సంస్థ ద్వారా వ్యాపించినది. హత్సుమి 1931లో పుట్టారు. టోక్యోకు దగ్గరలోని నోడా పట్టణం ఆయన ఊరు. ఆయన శిష్యుల్లో తనెమురా షోతో 1984లో గెన్‌బుకాన్‌ను, మనకా ఉన్‌సుయ్ 1996లో జినెన్‌కాన్‌ను విడిగా స్థాపించారు. బుజిన్‌కాన్‌లో 9 సంప్రదాయాలు కలిసి ఉన్నాయి. వాటిలో తొగకురె, గ్యొకుషిన్, కుమొగకురె అనే మూడింటినే నింజుట్సు సంప్రదాయాలుగా లెక్కిస్తారు, మిగిలినవి సమురాయ్‌ల పోరాట విద్యలు. అందువల్లనే ఆ సంస్థ తన విద్యను కొన్ని దశాబ్దాలుగా ‘బుదో తైజుట్సు’ అని పిలుస్తోంది. తైజుట్సు అంటే శరీర విద్య. తకమత్సుకు పూర్వపు తరాల వంశక్రమానికి చాలినన్ని రాత ఆధారాలు లేవని చరిత్రకారుల అభ్యంతరం. ఈ సంగతి తెలిసి చేరడం మంచిది. నాకు తెలిసీ దీనివల్ల సాధనకు వచ్చిన నష్టం లేదు, కానీ వెయ్యేళ్ళ రహస్యం తమ చేతిలో ఉందని గొప్పలు పోయేవారి ముందు తల ఊపకుండా ఉండటానికి ఇది పనికివస్తుంది. చరిత్ర మీదే ఆసక్తి ఉన్నవారికి మియె విశ్వవిద్యాలయం 2018లో పై చదువుల స్థాయిలో నింజా అధ్యయనాన్నే ఒక విషయంగా పెట్టింది.

గురువును ఎంచుకోవడం

కాలనీ పార్కుల్లోనో, స్కూలు ఆవరణల్లోనో సాయంత్రం పూట కరాటే, తైక్వాండో తరగతులు కనిపించని పేట విశాఖలో తక్కువ. నింజుట్సు అంత విరివిగా దొరికేది కాదు. బోర్డు మీద ఆ మాట కనిపించినంత మాత్రాన లోపల అదే ఉందనుకోవడానికీ లేదు. కాబట్టి ఫీజు కట్టేముందు ఒక పూట గోడ పక్కన కూర్చుని తరగతి చూడనివ్వమని అడగండి. ఒప్పుకోని చోట చేరవద్దు. చూసేటప్పుడు గురువు ఎంత ఎత్తు ఎగురుతున్నారో కాదు, చేరి రెండు మూడు నెలలైన విద్యార్థులు ఎలా పడుతున్నారో గమనించండి. వారు నేల తాకినప్పుడు ముఖంలో బాధ కనిపిస్తే, ‘ధబ్’ మని చప్పుడు వస్తే, గురువు దాన్ని పట్టించుకోకుండా తరువాతి పట్టుకు వెళ్ళిపోతుంటే, అక్కడ మీ ఎముకలకు పూచీ లేదు.

తరగతి అయ్యాక నిర్మొహమాటంగా, కానీ మర్యాదగా మూడు సంగతులు అడగండి: ఏ సంస్థకు చెందినవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇప్పటి స్థాయి ఏమిటి? నిజంగా నేర్చినవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. బుజిన్‌కాన్‌లో కొత్తవారు ఏ స్థాయీ లేకుండా తెల్ల పట్టీతో మొదలై ‘క్యూ’ అనే మెట్లలో 9వ దాని నుంచి 1వ దాని దాకా ఎదిగి, ఆపైన నల్ల పట్టీలో ‘దాన్’ అనే మెట్లను 1 నుంచి లెక్క మొదలుపెడతారు. 5వ దాన్ అందుకున్నవారికి స్వతంత్రంగా నేర్పే అర్హత ఉంటుంది, అంతకన్నా కింది నల్ల పట్టీవారు పైవారి అండతో నేర్పుతారు. ఆరు నెలల్లో నల్ల పట్టీ ఇప్పిస్తామన్నా, వేళ్ళు మెలిపెట్టి ముద్రలు పడితే కంటికి కనిపించకుండా పోవచ్చన్నా, ఒక్క వేలి పోటుతో మనిషిని పడగొట్టే రహస్యం ఉందన్నా నమస్కారం పెట్టి లేచి వచ్చేయండి.

ఈ హెచ్చరిక అనుభవంతో చెబుతున్నాను. మా మాస్టారి దగ్గర చేరకముందు ఈ ఊళ్ళోనే వేరొకచోట నెలరోజులు నేర్చుకున్నాను. మొదటి వారంలోనే పచ్చి గచ్చు మీద, చాప కూడా లేకుండా, పరిగెత్తుకొచ్చి పల్టీ కొట్టమన్నారు. నలుగురిలో వెనకడుగు వేయడం నామోషీ అనిపించి కొట్టాను. భుజం మొన గచ్చుకు తగిలి, మెడ కింది కాలర్ ఎముక భుజంతో కలిసే చోట వాచి, ఐదు వారాలు చొక్కా తొడుక్కోవడానికి కూడా ఇంకొకరి సాయం కావలసివచ్చింది. తప్పు వారిది ఎంతో, అడగకుండా దూకిన నాదీ అంతే.

దగ్గరలో సరైన గురువు దొరకని పక్షంలో, యూట్యూబు చూసి పట్లు నేర్చుకోవడం కన్నా మంచి జూడో తరగతిలో ఆరు నెలలు చేరడం వెయ్యి రెట్లు మేలు. అక్కడ పడటం, ఎదుటివారి బరువును అర్థం చేసుకోవడం పద్ధతిగా నేర్పుతారు. పెద్ద నగరాల్లో శిబిరాలు జరిగినప్పుడు వెళ్ళి నింజుట్సు తీరుకు వాటిని సరిదిద్దుకోవచ్చు.

ఒళ్ళు, బట్ట, చోటు

మెడ నొప్పి, కళ్ళు తిరగడం, రక్తపోటు, పాత భుజం దెబ్బ ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి, గురువుకు కూడా ముందే చెప్పి మొదలుపెట్టాలి. వయసు అడ్డు కాదు. మా తరగతిలో 50 దాటాక చేరినవారు పడటంలో కుర్రవాళ్ళ కన్నా జాగ్రత్తగా ఉండి, తక్కువ దెబ్బలతో బయటపడ్డారు. పిల్లల విషయంలో మాత్రం దొర్లడం, నడవడం, ఆటలు చాలు. ఎదిగే కీళ్ళ మీద మణికట్టు మెలికలు వేయడం మంచిది కాదు.

నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేసే అలవాటు, గొంతుక్కూర్చునే అలవాటు ఇంకా పోని ఇళ్ళ నుంచి వచ్చినవారికి ఈ విద్యలో సగం పని ముందే అయిపోయినట్టు. తరగతి మొదట్లో కూర్చునే ‘సెయ్‌జా’ మన వజ్రాసనమే. కుర్చీకి అలవాటుపడిన మోకాళ్ళవారు రోజూ పది నిమిషాలు, రెండు మూడు విడతలుగా, మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడం మొదలుపెట్టాలి. మొదట్లో గుమ్మం పట్టుకుని కూర్చున్నా సరే. తుంటి కీళ్ళు వదులైతే తప్ప తరువాత చెప్పబోయే దొర్లుడు గుండ్రంగా రాదు.

నల్లటి మందపాటి నూలు దుస్తులు, తెల్ల పట్టీ చాలు. బొటనవేలు విడిగా ఉండే జపాను చెప్పులు మొదటి ఏడాది అవసరం లేదు, వట్టికాళ్ళే మంచి గురువులు. మన ఊరి ఉక్కపోతలో ఆ బట్ట గంటలో తడిసి ముద్దవుతుంది కాబట్టి, ఇంటికి రాగానే మంచినీళ్ళలో జాడించి ఆరవేయకపోతే మర్నాటికి ఎవరూ పక్కన నిలబడలేరు. ఉంగరాలు, గడియారం, మెళ్ళో గొలుసు తీసేయడం అందరూ చెప్పేదే. ఎవరూ చెప్పనిది మొలతాడు. దానికి కట్టిన తాయెత్తు సరిగ్గా తుంటి ఎముక మీదికి జరిగి ఉన్నప్పుడు దొర్లితే కళ్ళ ముందు చుక్కలు కనిపిస్తాయి. ఆడవారు మట్టెలు తీయడానికి ఇష్టపడకపోతే వాటి మీదుగా మెత్తని టేపు చుట్టుకోవాలి, చాపల అతుకుల్లో అవి ఇరుక్కుని వేలు మెలిపడిన సందర్భం మా దగ్గర ఉంది.

ఇంట్లో చేసుకునేవారు ఒకదానితో ఒకటి అతికే, మీటరు పొడవు మీటరు వెడల్పు ఉండే రబ్బరు ఫోము చాపలు నాలుగు కొనుక్కుంటే చాలు. 40 మిల్లీమీటర్ల మందం ఉన్నవి మేలు. 20 మిల్లీమీటర్లవి గచ్చు మీద నామమాత్రమే. బయట చేసేవారికి వేళ ముఖ్యం. ఎండాకాలంలో ఎనిమిది దాటాక ఉప్పుగాలి, తేమ కలిసి ఊపిరి అందనివ్వవు. ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు కాబట్టి నడక పాఠాలకు ఆ వేళ బాగుంటుంది. సాధన అయ్యాక దారిలో ఒక గ్లాసు చోడి అంబలి తాగితే, ఏ డబ్బా పొడీ అక్కర్లేదు.

పడటం

దీన్ని జపానులో ‘ఉకెమి’ అంటారు. జూడోలో పడేటప్పుడు చేత్తో చాపను గట్టిగా చరిచి దెబ్బను పంచుతారు. నింజుట్సులో ఆ చరుపు తక్కువ. రాళ్ళున్న నేల మీద చెయ్యి చరిస్తే చెయ్యే పోతుంది, పైగా చప్పుడవుతుంది. అందువల్ల ఇక్కడ ఒంటినే గుండ్రంగా చేసి, నేలకు ఒక మూల నుంచి ఒక మూలకు అప్పగిస్తూ పోవాలి.

ముందుకు దొర్లడాన్ని, అంటే ‘జెన్‌పో కైతెన్’ను, నిలబడి ఎన్నడూ మొదలుపెట్టకండి. ఎడమ మోకాలు నేల మీద ఉంచి, కుడి పాదం ముందుకు వేసి కూర్చోండి. రెండు అరచేతులూ కుడి పాదానికి లోపలి వైపున నేల మీద ఆనించండి. ఇప్పుడు తలను ఎడమకు తిప్పి, గడ్డాన్ని ఎడమ భుజం వైపు దాచి, ఎడమ చంక కింద నుంచి వెనక గోడను చూస్తున్నట్టు చూడండి. ఈ చూపు ఒక్కటి కుదిరితే తల నేలకు తగలదు. కుడి చేతిని లోపలికి, గిన్నె అంచులా వంపుగా పోనిచ్చి, నడుమును పైకి లేపుతూ బరువును ముందుకు వదిలేయండి. దూకకూడదు, తోయకూడదు. కుడి భుజం వెనక భాగం ముందు నేలకు ఆని, అక్కడి నుంచి వీపు మీదుగా ఏటవాలుగా ఎడమ తుంటి దాకా ఒంటి బరువు జారిపోతుంది. వెన్నుపూస పొడవునా, నిలువుగా దొర్లేది పిల్లలు ఆడుకునే పిల్లిమొగ్గ. అది చాప మీద బాగానే ఉంటుంది, గచ్చు మీద వెన్ను విరుగుతుంది.

ఈ ఏటవాలు గీత సరిగ్గా పడుతోందో లేదో మీ వీపు మీకు కనిపించదు. దానికి మన సముద్రం దగ్గర చవకైన ఉపాయం ఉంది. జోడుగుళ్ళపాలెం వైపో, సాగర్‌నగర్ వైపో జనం పలచగా ఉన్న చోటికి పాత నల్ల చొక్కా వేసుకుని వెళ్ళండి. తీరంలో ఇసుక మూడు రకాలు. పైన పొడి ఇసుకలో పాదం కూరుకుపోయి మడమ మెలిపడుతుంది, దొర్లుడు సగంలో ఆగిపోతుంది. కెరటం అప్పుడే వెనక్కి వెళ్ళిన చోటు మెత్తగా కనిపిస్తుంది కానీ గచ్చు కన్నా గట్టిది. మొదటి రోజుల్లో నేను అక్కడే పడుతుంటే, వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి, “ఒరే బాబూ, కెరటం ఎల్లిన కాడ పడకు, అది రాయిలాగుంటాది, ఇంకాస్త మీదకి రా” అన్నాడు. ఆ రెండింటి నడుమ, నాలుగైదడుగుల వెడల్పున, చేత్తో పిడికిలి పడితే ముద్ద కట్టేంత చెమ్మ ఉన్న పట్టీ ఒకటుంటుంది. అదే మన చాప. ముందు చేతులతో ఆ చోటంతా తడిమి ఆలిచిప్పలు, గాజుపెంకులు, తెగిన గాలపు ముళ్ళు ఏరేయాలి. మన తీరంలో లాగుడు ఎక్కువ కాబట్టి సముద్రానికి వీపు పెట్టి చేయకూడదు, తీరం వెంబడే దొర్లాలి.

ఒక్కసారి దొర్లి, చొక్కా విప్పి చూసుకోండి. కుడి భుజం వెనక నుంచి ఎడమ తుంటి దాకా ఇసుక ఒకే వెడల్పున, యజ్ఞోపవీతం వేసినట్టు, ఏటవాలుగా అంటుకుని ఉంటే మీ దొర్లుడు సరైనదే. ఆ చార నడిమధ్య తెగిపోయి ఉంటే వీపు అక్కడ గుండ్రంగా లేదని, బల్లలా బిగిసిపోయిందని అర్థం. భుజం మొన మీద ఒక్కచోటే ముద్దగా ఉంటే మీరు దొర్లలేదు, పడ్డారు. నిలువుగా వెన్ను మీద ఉంటే తల తిప్పడం మరిచిపోయారు. జుట్టులో ఇసుక ఉంటే మాత్రం ఆ పూటకు ఆపేసి నడక సాధన చేసుకోండి. అలసిన మెడ మళ్ళీ అదే తప్పు చేస్తుంది. కుడివైపు పది వస్తే ఎడమవైపు పదిహేను చేయడం మంచిది, ఎందుకంటే కుడిచేతివాటం వారికి ఎడమ దొర్లుడు ఆలస్యంగా వస్తుంది.

వెనక్కి దొర్లేటప్పుడు ముందు గొంతుక్కూర్చుని, నేలకు ఎంత వీలైతే అంత దగ్గరగా వచ్చి కూర్చుంటున్నట్టే వాలాలి. తలను ఎడమ భుజం వైపు వంచి, కాళ్ళను కుడి భుజం మీదుగా పంపాలి. రెండు కాళ్ళూ నెత్తి మీదుగా పోతే బరువంతా మెడ మీద పడుతుంది. కొత్తవారికి తగిలే దెబ్బల్లో నేను భయపడేది ఇదొక్కదానికే. కాబట్టి దీన్ని గురువు ఎదురుగా ఉన్నప్పుడు తప్ప మొదటి రెండు నెలలు చేయవద్దు. పక్కకు పడటం, నిలువునా ముందుకు పడుతున్నప్పుడు ముంజేతుల మీద ఆపుకోవడం ఆ తరువాత వస్తాయి.

వారానికి మూడు రోజులు, ఒక్కో పూట ఇరవై ముప్పై దొర్లుళ్ళు చాలు. ఒకేరోజు వంద చేసి, వారం రోజులు మెడ తిప్పలేక కూర్చున్నవారిని చాలామందిని చూశాను.

నిలబడటం, నడవటం

‘కమాయె’ అంటే నిలుపు. మొదటిది సహజంగా, చేతులు వదులుగా వేలాడేసి నిలబడే ‘షిజెన్’. బస్టాపులో మనిషి నిలబడ్డట్టే ఉంటుంది కాబట్టి దీన్ని ఎవరూ సాధన చేయరు, అందుకే ఎవరికీ రాదు. భుజాలు దిగి, మోకాళ్ళు తాళం వేసినట్టు బిగియకుండా, చూపు ఒకచోట గుచ్చుకోకుండా ఐదు నిమిషాలు నిలబడి చూడండి.

తరువాతిది ‘ఇచిమొంజి’. ఎడమ పాదం ఎదుటివారి వైపు, కుడి పాదం దానికి అడ్డంగా, రెండూ కలిసి లంబకోణం చేసేలా పెట్టి, బరువు ఎక్కువ భాగం వెనక కాలి మీద ఉంచి మోకాలు వంచాలి. ఎడమ చెయ్యి ముందుకు చాచి, కుడి చేతిని ఎడమ మోచేతి మడత దగ్గరకు తెచ్చుకోవాలి. దాదాపు అందరూ చేసే తప్పు, వెనక మోకాలు లోపలికి కూలిపోనివ్వడం. అది వెనక పాదం వేళ్ళ దిక్కుకే చూస్తుండాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి మోకాలి నొప్పి వస్తుంది. ఒక నిమిషంలో తొడ వణకడం మొదలవుతుంది. వణికితే మంచిదే, నొప్పి పుడితే ఆపాలి.

ఈ నిలుపు నుంచే ‘సాన్‌షిన్’ అనే ఐదు కదలికలు పుడతాయి. వాటి పేర్లు చి, సుయ్, కా, ఫూ, కూ. అంటే భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. బౌద్ధంతో పాటు జపాను చేరిన మన పంచభూతాలే ఇవి. తరగతి మొదట్లో, చివర్లో గురువుతో పాటు అందరూ పలికే ‘షికిన్ హరమిత్సు దాయ్‌కోమ్యో’ అన్న వాక్యంలోని ‘హరమిత్సు’ కూడా మన ‘పారమిత’ అన్న మాటే. ఆ వాక్యం పలికి, రెండుసార్లు చప్పట్లు చరిచి వంగి, మళ్ళీ ఒకసారి చరిచి వంగుతారు. పాత బౌద్ధారామాలున్న బావికొండ, తొట్లకొండల నీడలో ఉన్న ఊరివాళ్ళం మనం, ఆ మాట మన నోటికి పరాయిది కానక్కరలేదు. ఇది పూజ కాదు, ఏ మతంవారైనా ఇబ్బంది పడనవసరం లేదు. పడితే మౌనంగా వంగినా గురువులు ఏమీ అనుకోరు.

నడక విషయంలో వర్ణన కన్నా ఇల్లే మంచి బడి. రాత్రి అందరూ పడుకున్నాక పడకగది నుంచి వంటింటికి దీపం వేయకుండా వెళ్ళి మంచినీళ్ళు తాగి రండి. బరువు వెనక కాలి మీదే ఉంచి, ముందు పాదాన్ని చిటికెన వేలి వైపు అంచుతో నేలకు ఆనించి, తరువాత బొటనవేలి వైపు దించి, కింద ఏమీ లేదని తేలాకే బరువు మార్చాలి. అడుగు ఏ క్షణంలోనైనా వెనక్కి తీసుకోగలిగేలా ఉండటమే ఇందులో కిటుకు. మేడమెట్లు దిగేటప్పుడు గోడ పక్క అంచున అడుగు వేయండి. తలుపు గడియను తీసేటప్పుడు తలుపును కాస్త తన వైపు లాగిపెట్టి, గడియ మీద ఒత్తిడి తగ్గించి తీయండి. నీళ్ళు తాగాక స్టీలు గ్లాసును గట్టు మీద పెట్టేటప్పుడు ముందు చిటికెన వేలు గట్టుకు ఆనించి, దాని మీదుగా గ్లాసును దించండి. ఇంట్లో అందరికన్నా చురుకైన చెవి ఉన్నవారు నిద్ర లేవకపోతే పాఠం వచ్చినట్టే. మా ఇంట్లో ఆ చెవి మా అమ్మది. మొదటి రెండు నెలలు ఒక్క రాత్రి కూడా నేను నెగ్గలేదు.

తోడు ఉంటేనే చేయవలసినవి

‘కిహోన్ హప్పో’ అనే ఎనిమిది మూల పాఠాల్లో మూడు నిలుపుల నుంచి కొట్టడం, కాచుకోవడం; ఐదు కీళ్ళ పట్లు, విసుర్లు. మొదటి మూడింటిని ఒంటరిగా, నెమ్మదిగా చేసుకోవచ్చు. ‘ఒమొతె గ్యకు’ వంటి మణికట్టు మెలికలను మాత్రం గురువు కళ్ళెదుట, తోడుతోనే చేయాలి. మెలిక పడేవారిని ‘ఉకె’ అంటారు, పట్టేవారు ‘తొరి’. మణికట్టు ఎంత తిరిగితే చాలో పట్టేవారికి తెలియదు, పడేవారికే తెలుస్తుంది. కనుక నొప్పి పుట్టకముందే తొడ మీదో చాప మీదో రెండుసార్లు తట్టడం పడేవారి బాధ్యత, తట్టు వినపడగానే వదలడం పట్టేవారి బాధ్యత. ఓర్చుకోవడమే ఈ విద్య పేరులో ఉంది కదా అని పళ్ళు బిగించి కూర్చునేవారు ఆ పేరును తప్పుగా అర్థం చేసుకున్నారు.

ఊరికి సంబంధించిన రెండు జాగ్రత్తలు

విశాఖ తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం. రేవు, డాల్ఫిన్స్ నోస్ కొండ, నౌకాదళ ఆవరణల చుట్టుపక్కల ముఖానికి నల్లగుడ్డ కట్టుకుని గోడ దూకడం సాధన చేస్తానంటే, మిమ్మల్ని పట్టుకునేవారికి ఇచిమొంజి గురించి వివరించే అవకాశం దొరకకపోవచ్చు. నల్ల ముసుగు సినిమాలదే. పాత షినొబిలు జనంలో కలిసిపోయేందుకు సన్యాసుల్లా, వర్తకుల్లా తిరిగేవారు. సాధన దుస్తులు సాధన స్థలంలోనే వేసుకోండి.

ఆయుధాల సంగతి కూడా అంతే. 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకి కత్తులు, బాకులు వస్తాయి. ఇంటి పనికో, వ్యవసాయానికో కాక, 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగు ఉన్న కత్తులను కూడా నిబంధనలు ఆ కోవలోనే చేర్చాయి. ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా అని పదునైనవి తెప్పించుకోకండి. మొదటి ఏడాదిలో వాటితో చేయగల పని ఒక్కటీ లేదు.

మొదట చేతికి రావలసిన ఆయుధం కర్ర. ఉత్తరాంధ్రలో పుట్టినవారికి ఇది చెప్పనక్కరలేదు. తాలింఖానాల్లో కర్రసాము నేర్చిన తాతలు ఇంకా ఉన్న నేల ఇది. అయితే సాము కర్ర తలదాకా పొడవుండి గిరగిర తిరుగుతుంది. నింజుట్సులో కొత్తవారికి ఇచ్చే ‘హన్‌బో’ సుమారు 90 సెంటీమీటర్లు మాత్రమే, చేతికర్రంత. దాన్ని తిప్పరు, ఎదుటివారి మోచేయికో, మెడకో, మోకాలికో అడ్డుగా పెట్టి మీట వేసినట్టు వాడతారు. కనుపులు చెక్కి నునుపు చేసిన గట్టి వెదురు గానీ, బొటనవేలూ చూపుడువేలూ కలిపితే చుట్టుకునేంత లావున్న గట్టి చెక్క గానీ సరిపోతుంది. చివర్లు గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది, ఆముదం పట్టించి ఒక రాత్రి ఉంచండి, ఉప్పుగాలికి చీలదు. సిటీ బస్సులో తీసుకెళ్ళేటప్పుడు పొడుగాటి గుడ్డసంచీలో పెట్టి మూతి కట్టేయండి. ఆర్నెల్ల పాటు నేను దాన్ని ఊరికే చేత్తో పట్టుకుని తిరిగితే, మా రూట్లో కండక్టరు గారు నన్ను గొర్రెల కాపరి అనుకున్నారట.